మునకకు ఏడు ఇంగ్లీషు మాటలు

ఈ మధ్య ఉద్యోగాల్లో చేరుతున్న యువకులు కొందరు నన్ను చూడవచ్చినప్పుడు, "మీ సర్వీసులో మీరు చేసిన గొప్ప పని ఏమిటండీ?" అని అడుగుతూ ఉంటారు. గొప్ప పనులను గురించి వాటిని చేసినవారు చెబుతారు. నేను చేసిన ఒక పెద్ద పొరపాటును గురించి చెప్పడానికి మాత్రం నాకంటె అర్హుడు మరొకడు లేడు. దానివల్ల నూరు గడపల ఊరు ఒకటి కొట్టుకొని పోవలసింది. పోలేదు. పోలేదు గనుకనే దానిని గురించి ఇంత నిబ్బరంగా, కొంత నవ్వుకొంటూ కూడా చెప్పగలుగుతున్నాను.

అవి రెండవ ప్రపంచయుద్ధం ఇంకా ముగియని రోజులు. మా వంశంలో సంతకం చేయగలిగిన మొదటివాడు మా నాయన; పట్టా పుచ్చుకొన్న మొదటివాడిని నేను. మదరాసులో బి.ఏ. ముగించి, చిత్తూరు జిల్లాలో ఒక తాలూకా కచేరిలో గుమాస్తాగా చేరి నాలుగు నెలలైంది. ప్రొబేషను పూర్తి కాలేదు. ఆ గడువులోపల పై అధికారికి కోపం వస్తే సంజాయిషీ కూడా అడగకుండా ఇంటికి పంపవచ్చును. సత్యవేడు దగ్గరి మా ఊళ్లో నాయన నా ఉద్యోగాన్ని గురించి ఒక్క మాటైనా పొగడి ఎరుగరు. కాని నేను సెలవుకు వెళ్లినప్పుడు బస్సు దగ్గరికి ఎదురు వచ్చి, నా గొడుగు తానే పట్టుకొని, ఊరి నడివీధి గుండా నన్ను ఇంటికి తీసుకొని పోయేవారు. మా ఇంటికి దగ్గర దారి వేరే ఉంది.

మా తహసీల్దారుగారు ఇంగ్లీషు భాషాభిమాని. ఒక పుటలో ఒకే మాట రెండు చోట్ల కనబడితే ఆయన ఎర్ర పెన్సిలు తీసి, రెంటి చుట్టూ సున్నాలు చుట్టి, ఆ సున్నాలను ఒక గీతతో కలిపి కాగితాన్ని తిప్పి పంపేవారు. చూడడానికి అది ఇరుసుకు తగిలించిన రెండు చక్రాల వలె ఉండేది. అందుచేత కచేరిలో దానికి 'బండి' అని పేరు. బండి తిరిగి వచ్చిన గుమాస్తా ఆ పూట తోటివారి ముందు తలయెత్తి మాట్లాడేవాడు కాదు.

ఈ ఆపద నుండి అందరినీ కాపాడుతూ వచ్చినవారు మా హెడ్ గుమాస్తాగారు. ఆయన చాలా ఏండ్లుగా ఒక నోటుపుస్తకం పెంచుకొంటూ వచ్చారు. అందులో ఒక్కొక్క విషయానికి ఒక్కొక్క పేజీ; ఆ పేజీలో ఆ విషయానికి పనికివచ్చే ఇంగ్లీషు మాటలన్నీ పైనుండి క్రిందికి, ఘనమైనవి మొదట, పలచనివి చివర. నేను చేరిన వారంలోనే ఆయన ఆ పుస్తకం నా చేతికిచ్చి నకలు వ్రాసుకొమ్మన్నారు.

"ఇదిగో సూడప్పా, వానకు తొమ్మిది ఉండాయి, తగాదాకు పదునాలుగు ఉండాయి. పైనుంచి ఒకటొకటి తీసుకుంటా రా. ఒక తూరి వాడినదాన్ని మళ్లా ముట్టుకోవాకు. బండి నీ దగ్గరికే రాదు."

"వీటన్నిటికీ అర్థం ఒకటేనా అండీ?" అని అడిగాను.

"అర్థంతో నీకేమప్పా పని? అర్థం కరణాలు రాసి పంపిస్తారు. మనం రాసేది ఇంగ్లీషు."

నేను దానిని వేళాకోళంగా తీసుకోలేదు. పాఠంగా తీసుకొన్నాను. ఆ నకలు వ్రాయడానికి రెండు ఆదివారాలు పట్టింది.

ఆ యేడు కార్తీకంలో వాన పట్టుకొని ఐదు రోజులు వదలలేదు. వంకలు పొంగాయి, చెరువులు నిండాయి. ఏ ఊరిలో ఏమి నష్టమైనదో వెంటనే తెలుపవలసిందని డివిజను అధికారి నుండి తంతి వచ్చింది. కరణాల రిపోర్టులు ఒక్కొక్కటిగా చేరసాగాయి. మొత్తం ఏడు ఊళ్లు. వాటిని ఒక పుటకు కుదించి ఇంగ్లీషులో వ్రాసే పని నా మీద పడింది.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. మా కరణాలకు నీళ్లను గురించి ఉన్నది ఒకటే వాక్యం. 'గ్రామము మునిగినది.' ఇల్లు కూలినా అదే, కళ్లం తడిసినా అదే. తాతలనాటి నుండి అదే మాట నకలవుతూ వస్తున్నది. ఏడు రిపోర్టులలోను ఏడు గ్రామములు మునిగినవి. ఇంగ్లీషులో ఏడుమార్లు ఒకే మాట వ్రాస్తే ఎన్ని బండ్లు తిరిగి వస్తాయో ఊహించుకొని, నోటుపుస్తకంలో మునకకు కేటాయించిన పేజీ తెరిచాను.

మొదట చేరిన రిపోర్టు మిట్ట మీది ఊరిది. దానికి పేజీలో మొదటి మాట దక్కింది: 'ఎంగల్ఫ్‌డ్', అనగా నీళ్లచేత మింగివేయబడినది. తరువాత వచ్చినదానికి 'సబ్‌మర్జ్‌డ్', మూడవదానికి 'ఇనండేటెడ్', నాలుగవదానికి 'డెల్యూజ్‌డ్'. ఐదవ ఊరు 'ఓవర్‌వెల్మ్‌డ్', అంటే తట్టుకోలేక ఉక్కిరిబిక్కిరి అయింది. ఆరవది 'స్వాంప్‌డ్'. ఏ ఊరి రిపోర్టు ముందు వచ్చిందో ఆ ఊరికి అంత ఘనమైన మాట. మిట్ట మీది ఊరి దారి పొడిగా ఉన్నందువల్లనే వారి రిపోర్టు అంత త్వరగా చేరిందన్న ఆలోచన నా పట్టభద్రపు బుర్రకు తట్టలేదు.

అందరికంటె చివర వచ్చింది చెరువు కింది ఊరి రిపోర్టు. దారిలో రెండు వంకలు పొంగడంతో ఆ ఊరి తలారి దానిని తలపాగాలో చుట్టుకొని, ఈదుకొంటూ తెచ్చాడు. సిరా సగం అలుక్కుపోయింది. 'గ్రామము మునిగినది. తూర్పు తూము వద్ద చెరువుకట్ట చెమ్మ ఊరుచున్నది' అని ఉంది. నా దగ్గర మిగిలింది ఒకే మాట, పేజీ అడుగున ఉన్న 'వాటర్‌లాగ్‌డ్': నీరు నిలిచి బురద అయినది అని. అదే వ్రాశాను. చెమ్మ సంగతికి, కట్ట మీద కొంత తడి కనబడుచున్నదని చేర్చాను. ఐదు రోజుల వాన తరువాత తడి కనబడని వస్తువు జిల్లాలో ఏముంటుందని మీరు నవ్వవచ్చు. నాకు ఆనాడు నవ్వు రాలేదు. వాక్యం బాగా కుదిరిందని సంతోషం కలిగింది.

తహసీల్దారుగారు పుటంతా రెండుమార్లు చదివి, పెన్సిలు ముట్టకుండానే సంతకం చేశారు. "చదువుకొన్నవాడి చేయి వేరయ్యా" అన్నారు. హెడ్ గుమాస్తాగారు నాకు ఆ సాయంత్రం కాఫీ తెప్పించారు.

మూడవ రోజున డివిజను అధికారి ఉత్తరువు వచ్చింది. ఆయన నా పుటను శ్రద్ధగా చదివారు. నా కష్టాలకు మూలం ఆ శ్రద్ధే. ఏడు మాటలనూ ఏడు మెట్లుగా ఎంచి, ఊళ్లకు వరుస సంఖ్యలు వేశారు. మింగివేయబడిన ఊరికి మొదటి స్థానం. జనాన్ని దాటించడానికి పులికాటు వైపు నుండి ఒక పడవ. యుద్ధం మూలంగా తాలూకాకంతా కలిపి దొరికిన గోనెసంచులు, సరుగుడు గుంజలు అన్నీ ఒక లారీలో. వాటి వెంట తాను స్వయంగా. ఏడవ స్థానంలో ఉన్న చెరువు కింది ఊరికి ఎదురుగా, 'నీరు తగ్గిన తరువాత విచారింపవలెను' అని ఉంది.

ఆ కాగితం పట్టుకొని హెడ్ గుమాస్తాగారి దగ్గరికి పోయి, "నేను ఈ వరుసలో వ్రాయలేదండీ" అన్నాను.

"పైవాళ్లకు తెలియకుండా పోతుందా? నీకెందుకప్పా. ఊరకుండు" అన్నారు. ఊరకున్నాను. ఆనాడు ఊరకున్నందుకు నాకు భయమొక్కటే కారణం. దానికి వేరే మాట వెదకను.

మరునాడు క్యాంపు గుమాస్తాగా లారీలో నన్నే పంపారు. పెట్రోలు దొరకని కాలం గనుక అది బొగ్గు గ్యాసుతో నడిచే లారీ. వడమాలపేట దాటేలోపల నాలుగుసార్లు దిగి తోశాము. డివిజను అధికారి అరవదేశం నుండి వచ్చిన ఐ.సి.ఎస్. యువకుడు. తెలుగు పరీక్ష గ్రంథాలు చదివి పాసయ్యారు గనుక గ్రంథాల తెలుగు తప్ప వేరు తెలుగు ఆయనకు రాదు. లారీ తోసేటప్పుడు మాత్రం మాతోపాటు భుజం పెట్టారు.

మేము మిట్ట మీది ఊరు చేరేసరికి పడవ మాకంటె ముందే వచ్చి ఉంది. దానిని సూళ్లూరుపేటలో గూడ్సు బండి ఎక్కించి, పుత్తూరులో దించి, రెండు ఎద్దులబండ్లను ముందువెనుకలుగా కట్టి వాటిపైన తెచ్చారు. ఊరంతా దాని చుట్టూ చేరింది. ఒక ముసలమ్మ దానికి కుంకుమ బొట్టు పెట్టి, చేత్తో తట్టి చూస్తున్నది.

"ఎంత పెద్ద తొట్టి నాయనా! యాడ సేయించినారు? మా యెద్దులకు కుడితి పోయను బాగుంటాది."

పడవ వెంట వచ్చిన ఇద్దరు జాలరులలో పెద్దవాడు తలపాగా విప్పి ముఖం తుడుచుకొంటూ నాతో, "ఏం సామీ, రైలెక్కిచ్చి తెస్తిరి గదా. తన్ని యాడుండాది, పడవ దించేదానికి?" అన్నాడు. తన్ని అంటే అరవంలో నీళ్లు. అదే ప్రశ్న అధికారి కూడా గ్రామ మునసబును అడిగారు.

"ఈ గ్రామమును జలములు మింగివేసినవని నివేదిక. ఆ జలములు ఎచ్చట నున్నవి?"

"ఆడ సూడండి దొరా, కళ్లంలో" అని మునసబు వినయంగా చేయి చూపాడు.

కళ్లంలో నీళ్లు ఉన్న మాట నిజం. అందులో రెండు బాతులు ఉన్నాయి. ఈదడానికి లోతు చాలక నడుస్తున్నాయి.

"ఇది మునుగుటయా?" అన్నారు అధికారి.

"మునగడమే గదా దొరా. గడ్డివామి అడుగు తడిసిపాయె. నీళ్లు వచ్చినాయి, ఉండాయి. దాన్ని మునిగింది అనక ఏమంటారు?" అన్నాడు మునసబు, నిజంగానే తెలుసుకోగోరినట్లు.

ఆ సమయంలో జనాన్ని తోసుకొని ఒక మనిషి వచ్చాడు. నడుము దాకా బురద. అతడు చెరువు కింది ఊరి నీరుగంటి. చెరువు తూములు తెరవడం, మూయడం, మడులకు నీళ్లు పంచడం తరతరాలుగా వారి ఇంటి పని. లారీ వచ్చిందని విని మూడు మైళ్లు పొలాలకు అడ్డంపడి వచ్చాడు.

"దొరా, ఆ సంచులు, గుంజలు మా కట్టకు ఇప్పించండి. నిన్నటిదాకా తూము పక్కన తేటనీళ్లు ఊరతా ఉన్నె. ఈ పొద్దు తెల్లారి సూస్తే ఎర్రనీళ్లు వస్తా ఉండాయి."

"నీరు తేటయైన నేమి, ఎరుపైన నేమి?"

"తేటనీళ్లు వస్తే చెరువు చెమరస్తా ఉండాదని. ఎర్రనీళ్లు వస్తే కట్ట కడుపులో మన్ను కరిగి బయటికి వస్తా ఉండాదని దొరా. పొద్దు గూకేలోపల పట్టుకోకుంటే కట్ట నిలవదు. ఊరు దానికిందే ఉండాది. ఆడోళ్లు, ముసలోళ్లు అందరూ ఆడే ఉండారు."

అధికారి కఠినుడు కాడు. కాని ఆ వారంలో ఆయన ఎక్కడికి పోయినా ఎవరో ఒకరు తమ కట్ట తెగుతుందని సంచులు అడుగుతూనే ఉన్నారు. ఆయన జేబులోనుండి నా పుట తీశారు. "మీ గ్రామము ఏడవది. కేవలము బురద యని యున్నది. ప్రతివానికిని సంచులిచ్చిన, నిజముగా మునిగినవానికి ఏమి మిగులును?"

నీరుగంటి ఆ కాగితం వైపు చూశాడు. చదువు రానివాడు. అందులో ఏమున్నదో తెలియక, దానిని ఎట్లా ఎదిరించాలో తెలియక, నా వైపు చూశాడు. నేను ఎవరినో కూడా అతనికి తెలియదు.

ఆ క్షణంలో నాకు మా ఊరి నడివీధి, గొడుగు పట్టుకొని ముందు నడుస్తున్న నాయన కనబడిన మాట దాచను. నోరు విప్పితే ఉద్యోగం పోతుంది. విప్పకపోతే ఊరు పోతుంది. ఇంత తేలికైన లెక్క తేల్చుకోవడానికి నాకు పట్టవలసిన సమయం కంటె ఎక్కువే పట్టింది. తరువాత ఇంగ్లీషులో అన్నాను:

"అయ్యా, ఆ జాబితా నీళ్ల వరుస కాదు. నా మాటల వరుస."

"అనగా?"

"కరణాలందరూ ఒకటే వ్రాశారండీ. నేను ఇంగ్లీషులో ఏడు విధాలుగా మార్చాను."

"మింగివేయబడిన ఈ ఊరికి, బురద అయిన వారి ఊరికి నీ నివేదికలో తేడా ఏమిటి?"

"ఒకటి సోమవారం చేరింది, ఒకటి బుధవారం చేరింది. అంతేనండీ."

"మరి ఇన్ని మాటలు ఎందుకు?"

"ఒకే మాట ఏడుమార్లు వ్రాస్తే బాగుండదని."

ఆయన నన్ను చూశారు. తరువాత బాతులను చూశారు. చాలాసేపు బాతులనే చూశారు. నాకు ఇంటికి పోవలసిన బస్సు గుర్తుకు వచ్చింది. చివరకు ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకొని, జాలరుల వైపు తిరిగి, "పడవను మరల బండి కెక్కింపుడు" అన్నారు.

చెరువు కింది ఊరికి పోయే పొలం దారిలో లారీ పోదు. మిట్ట మీది ఊరివారు అడగకుండానే సంచులు, గుంజలు దించి తలా కొంచెం భుజాన వేసుకొన్నారు. "మునిగినోళ్లమంతా లేసి వస్తా ఉండాము, అడ్డం జరగండి!" అని మునసబు ముందు నడుస్తూ కేకలు. కుంకుమ పెట్టిన ముసలమ్మ కూడా ఒక గంప నెత్తిన పెట్టుకొని బయలుదేరింది.

కట్ట దగ్గర నీరుగంటి చెప్పినట్లే తూము పక్కనుండి ఎర్రనీరు, ముంజేతి లావు ధారగా, చప్పుడు లేకుండా వస్తున్నది. బయటి వైపు ఎన్ని సంచులు వేసినా ప్రయోజనం లేదని, నీళ్లు దూరుతున్న నోటిని చెరువు లోపలనే మూయాలని అతడన్నాడు. కాని నిండిన చెరువులో ఆ నోరు ఎక్కడని వెదకడం? అప్పుడు తెలిసింది ఆ పడవ విలువ. తూముకు ఇవతల నీళ్లపైన చిన్న సుడి తిరుగుతున్న చోటును నీరుగంటి కట్ట మీదనుండి చూపాడు. జాలరులు పడవను అక్కడికి నెట్టారు; పెద్దవాడు గుంజ పట్టుకొని మునిగాడు. తేలి, ఊపిరి తీసుకొని, "దొరికింది! పందికొక్కు బొరియ మాదిరి ఉండాది. నా చెయ్యి లాగుతాది!" అని అరిచాడు.

తరువాత పని అందరిది. రేగడిమన్ను, గడ్డి కలిపి కుక్కిన సంచులను పడవలో వేసి పంపడం. జాలరులు ఒక్కొక్కటే మునిగి ఆ నోట్లో దిగగొట్టడం. చుట్టూ గుంజలు పాతడం. బయటి వైపు ఆడవాళ్లు గంపలతో మన్ను పోసి తొక్కడం. అధికారి ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి గంపలు అందించారు. నేను మన్ను త్రవ్వాను. నా బి.ఏ. పట్టాకు ఆ సాయంత్రం దొరికిన గౌరవం ఏమిటంటే, "పార పట్టను బాగానే వచ్చునే అప్పా నీకు" అని మునసబు అనడం. రైతుబిడ్డను, రాకేమి.

పొద్దు వాలుతుండగా ధార సన్నబడింది. తరువాత చెమ్మగా మారింది. నీరుగంటి దోసిలి పట్టి, ఊరిన నీళ్లు నింపి, అధికారి ముందుకు తెచ్చి చూపాడు. అతని అరచేతి గీతలు నీళ్లలోనుండి స్పష్టంగా కనబడ్డాయి. పెద్ద జాలరి పడవలో వెల్లకిల పడుకొని నవ్వాడు.

కలెక్టరుగారికి తంతి పంపాలని అధికారి నన్ను పిలిచి కాగితం తీయమన్నారు. "ఏమని వ్రాతువు?" అన్నారు. నాకు ఒక్క మాట కూడా తోచలేదు. నా అవస్థ చూచి నీరుగంటి, "ఏముంది సామీ రాసేదానికి? కట్ట నిలిచింది, అంతే గదా" అన్నాడు. దానినే ఇంగ్లీషు చేశాను. మూడు మాటలు. మా తాలూకా నుండి అంత చిన్న నివేదిక అంతకు ముందుగాని తరువాతగాని వెళ్లలేదు.

నన్ను ఉద్యోగం నుండి తీసివేయలేదు. ఇకమీదట ప్రతి రిపోర్టులోను నీరు ఎక్కడ, ఎంత లోతు, ఎవరు చూచినదీ వ్రాయవలెనని తాలూకాకంతా ఉత్తరువు వచ్చింది. తహసీల్దారుగారు దానిని చదివి దాఖలు చేశారు. హెడ్ గుమాస్తాగారు తన పుస్తకంలో ఆ పేజీ పైన 'లోతు చూచి వాడవలెను' అని ఎర్రసిరాతో చేర్చి, "నీవల్ల ముప్పై ఏండ్ల పుస్తకానికి మచ్చ వచ్చె గదప్పా" అని నన్ను నెల రోజులు ఆడిపోసుకొన్నారు. నా సర్వీసు రిజిస్టరులో ఒక మందలింపు పడింది: 'ఈ గుమాస్తా మాటలు బాగుగా ఎరుగును. ప్రొబేషను ముగియులోపల తాలూకాలోని చెరువులన్నింటిని కాలినడకన చూచి రావలెను.'

శిక్ష చెరువు కింది ఊరి నుండే ప్రారంభించాను. అంతవరకు నన్ను సామీ అన్న నీరుగంటి, నేను కట్ట ఎక్కబోతుండగా, నా కాళ్ల వైపు చూచి ఆపాడు.

"సెప్పులు ఆడ ఇడిసిపెట్టప్పా. కట్ట యాడ మెత్తబడిందో మొదట తెలిసేది కాలికే. కంటికి తెలిసేలోపల పొద్దు పోతాది."

విడిచిపెట్టాను. తరువాత నేను తహసీల్దారునై, ఎన్నో తాలూకాలు తిరిగి, ఉద్యోగ విరమణ చేసే దాకా ఏ కట్ట మీదా చెప్పులతో నడవలేదు. చేతిలో చెప్పులు పట్టుకొని, తల వంచుకొని, మెల్లగా అడుగులు వేస్తున్న అధికారిని చూచి జనం కొండకు మొక్కుకొన్నాడేమో, మొక్కు చెల్లిస్తున్నాడేమో అని దారి ఇచ్చి దండం పెట్టేవారు. నేను ఎన్నడూ కాదనలేదు.